తాడు మీది సీసా

మూడు రోజులుగా కమరీన్యాస్ రేవులో కట్టేసి ఉన్నాం.
ఈశాన్యపు గాలి అలిగి కూర్చుంది.
కాదు, అలిగినవాళ్ళు కూర్చుంటారు,
ఇది నిలబడి అరుస్తోంది.
విలాన్ కొన దాటనివ్వదు.

పడవ పేరు కర్రీసా. అంటే పిట్టల్లో పిడికెడంతది.
పొడవు తొమ్మిది మీటర్లు, మనుషులం నలుగురం,
తెరచాపలు రెండు, గిన్నె ఒకటి.
దాని మూత మూరోస్ దగ్గర నీళ్ళలో పడింది.
అప్పట్నుంచి అన్నానికి పళ్ళెమే మూత,
ఆ పళ్ళెంలో తినేవాడు
చివరిదాకా ఆకలితో కాచుకోవాలి.
సాధారణంగా అది నేనే.

ఇరియా కెప్టెన్. ఒడ్డు మీద నా భార్య.
నాకు వంట, బడి, మరుగుదొడ్డి పంపు.
పొద్దున్నే రేడియోలో వాతావరణం చెప్పేటప్పుడు
ఎవరూ దగ్గకూడదు.
తర్వాత బ్రైస్‌కి ఎక్కాలు.
ఏడెనిమిదులు ఎంతరా అంటే
వాడు కిటికీలోంచి పోటు ఎంత ఎక్కిందో చూసి
యాభై ఆరు అంటాడు,
జవాబు రేవు గోడ నాచులో రాసి ఉన్నట్టు.

ట్యాంకులో మంచినీళ్ళు నూట ఇరవై లీటర్లు.
గిన్నె ఉప్పునీళ్ళతో తోమి
ఆఖర్న ఒక్క గ్లాసు మంచినీళ్ళతో
క్షమాపణ చెప్పుకుంటాం.
బట్టలు ఆరినట్టే ఆరతాయి,
ఉప్పు పట్టిన చొక్కా
రాత్రయ్యేసరికి మళ్ళీ చెమ్మ తాగుతుంది.

షియానాకి ఆరేళ్ళు. దానికో చిన్న పుస్తకం ఉంది.
సముద్రం మాకున్న బాకీలు అందులో రాస్తుంది:
ఎడమ మేజోడు. నీలం మూత. నాన్న కళ్ళద్దాలు.
బ్రైస్ అన్నం
(అది వాడికి కడుపులో తిప్పిన రోజు).

నిన్న సాయంత్రం మొక్కజొన్న రొట్టె కొరుకుతుంటే
పన్ను ఊడింది. మొదటిది.
దీన్ని మాత్రం సముద్రానికి పోనివ్వలేదు,
గుప్పిట బిగించి
చిగుళ్ళ రక్తంతోనే ఆలోచనలో పడింది.

దిండు కింద పన్ను పెడితే
పళ్ళ ఎలుక రాత్రి వచ్చి పట్టుకుపోయి
నాణెం పెట్టాలి.
ఈ తీరంలో అందరిళ్ళలో జరిగేదే.
కానీ మా కట్టుతాళ్ళకి
అమ్మ అడుగు కోసిన నీళ్ళసీసాలు తొడిగింది,
ఎలుకలు తాడు పట్టుకుని ఎక్కకుండా.
ఒక్కటెక్కినా చాలు,
వైర్లు కొరికి, పిండి తిని,
తెరచాప మడతల్లో సంసారం పెట్టేస్తుందని
ఇరియాకి తుఫానుకైనా లేనంత భయం.

"సీసా మీద జారిపోతుంది కదా?"

బ్రైస్‌కి అసలు సంగతి తెలుసు.
నోరు తెరవబోయాడు, కాలు తొక్కాను.
"ఈదుకుంటూ వస్తుందేమో" అన్నాను.
"నాణెం పట్టుకునా?"

కెప్టెన్ లేచింది.
టార్చి తీసుకుని ముందువైపు పోయింది.
తాళ్ళు గాలికి మూలుగుతున్నాయి.
చాలాసేపు రాలేదు.
వచ్చేసరికి చంకలో సీసా.
"ఒక్కటే తీశాను. ఒక్క రాత్రికే.
పని చూసుకుని దిగిపొమ్మని చెప్పు."

చెప్పడం ఎలా?
షియానా చీటీ రాసి
తాడు మొదట్లో బట్టల క్లిప్పుతో తగిలించింది.

రాత్రి రెండింటికి
నాణెంతో తడుముకుంటూ లేస్తే
దిండు కింద అప్పటికే ఒకటుంది.
ఇరియా కళ్ళు మూసుకుని నిద్రపోతోంది.
పడవ నడపడం వచ్చుగానీ
దానికి నటన రాదు.
నాదీ పెట్టేశాను.

తెల్లారేసరికి గాలి పడిపోయింది.
నీళ్ళు నూనె రాసుకున్నట్టు ఉన్నాయి.
బాకీల పుస్తకంలో మొదటిసారి జమ పడింది:
రెండు యూరోలు.

తాళ్ళు విప్పేముందు
టీ పెడదామని చక్కెర కోసం వెతుకుతుంటే
బియ్యం సంచి మూలన
వేలు దూరేంత చిల్లు.
ఇరియాని పిలిచి చూపించాను.
దాని వంకే చూస్తూ నిలబడింది,
పెదవి కొరుక్కుంటూ,
నవ్వో కోపమో ఇంకా తేల్చుకోక.
తర్వాత లాగ్‌బుక్ తీసి
ఎప్పటి గుండ్రటి అక్షరాలతోనే రాసింది:

ఏడూ పది. గాలి వాయవ్యం, పలచన.
ఒత్తిడి వెయ్యి పద్ధెనిమిది.
మనుషులు నలుగురు.
ఎలుక ఒకటి, అనుమతితో.